నన్నూ నమ్మొద్దన్న మేడమ్

మేడమ్ పోయారని అంగన్‌వాడీ టీచర్ ఫోన్ చేసినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "ఎవరు చెప్పారు?" అని. అవతల ఆవిడ ఏడుస్తూనే, "ఒకరు చెప్పేదేంటమ్మా, నేనే చూశా. పాలవాళ్లు పిలిస్తే పలకలేదంట. వెళ్లి చెయ్యి పట్టుకు చూశా, చల్లగా ఉంది" అంది. నేను అంతటితో ఊరుకోలేదు. డాక్టర్ వచ్చాడా, ఏమన్నాడు అని కూడా అడిగాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నాడట. ఫోన్ పెట్టేశాక సిగ్గేసింది. కానీ ఆవిడని ఎరిగినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే ఒప్పుకుంటారు. ఆవిడ చావు కబురు నేను అడక్కుండా నమ్మేసి ఉంటే ముందు కోప్పడేది ఆవిడే.

మా నందిగామ కాలేజీలో ఆవిడ ఫిజిక్స్ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. ఇంటర్‌లో నాకు పాఠం చెప్పింది ఆవిడే. శబ్దం మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకున్న మనిషి. రిటైరయ్యాక ట్యూషన్ల జోలికి పోకుండా, బస్టాండ్ దగ్గర మందుల షాపు పైన రెండు గదులు అద్దెకు తీసుకుని శబ్దాన్ని కొలిచే ఆఫీసు పెట్టారు. క్వారీలో రాయి పేలిస్తే పక్క ఊళ్లో గోడలు ఎంత అదురుతున్నాయి, ముక్త్యాల వైపు సిమెంటు లారీలు తిరిగే దారిలో బళ్లో పిల్లలకి పాఠం వినపడుతోందా, ఇలాంటివి కొలిచి రిపోర్టు రాసివ్వడం పని. ఇంజినీరింగ్ అయ్యాక ఇంట్లో ఖాళీగా ఉన్న నన్ను పిలిచి, "జీతం తక్కువ, పని ఎక్కువ. ఇంతకంటే మంచి ఉద్యోగం ఉందని ఎవరైనా చెప్తే వెళ్లిపో. కాకపోతే అది నిజమో కాదో ముందు కనుక్కో" అన్నారు. అలా ఆ ఆఫీసంతా మేమిద్దరమే.

కాలేజీలో ఆవిడని పిల్లలు 'అనుమానం మేడమ్' అనేవాళ్లు. ఆవిడకీ తెలుసు. ల్యాబ్‌లో మా రీడింగులు పుస్తకంలో జవాబుతో సరిగ్గా సరిపోతే మార్కులు కోసేసేవారు. "ఇంత బాగా ఎలా వచ్చిందమ్మా? నాకెప్పుడూ రాలేదే" అనేవారు. బస్సు బోర్డు మీద జగ్గయ్యపేట అని రాసి ఉన్నా, కండక్టర్ జగ్గయ్యపేట జగ్గయ్యపేట అని గొంతు చించుకుంటున్నా, ఎక్కేముందు డ్రైవర్ దగ్గరికి వెళ్లి "ఇది జగ్గయ్యపేటకేనా అండి?" అని అడిగేవారు. ఆఫీసుకి తాళం వేసి, లాగి చూసి, మెట్లు దిగి, మళ్లీ ఎక్కి లాగి చూసేవారు. నేను నవ్వితే, "నువ్వు కూడా ఒకసారి లాగు" అనేవారు.

ఎందుకిలా అని ఎప్పుడూ అడగలేదు. ఒకసారి క్రషర్ దగ్గర కొలతలు తీసి బస్సులో వస్తుంటే ఆవిడే చెప్పారు. వాళ్లమ్మ రాళ్ల క్రషర్‌లో కూలికి వెళ్లేదట. కొన్నేళ్లకి వినికిడి పోయింది. డాక్టర్‌కి చూపిస్తే, వయసు వల్ల అన్నారట. "అప్పుడు మా అమ్మ వయసెంతనుకున్నావ్? నీకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. నేను పాఠం గట్టిగా చదివేదాన్ని, వినపడుతోందమ్మా అంటే తలూపేది. వినపడకుండానే" అన్నారు. మళ్లీ ఆవిడే, "అప్పట్నుంచి ఎవరన్నా 'ఏం కాదండి' అంటే నాకు భయం" అన్నారు.

నేను చెప్పాలనుకున్న సంగతి ఆ విమానాల ప్రాజెక్ట్ వచ్చినప్పటిది.

నందిగామకీ జగ్గయ్యపేటకీ నడుమ, హైవేకి బాగా లోపలగా, విమానం నడపడం నేర్పే ప్రైవేటు స్కూలు ఒకటి పెడతామని కొందరు వచ్చారు. చిన్న రన్‌వే, చిన్న చిన్న విమానాలు. చుట్టుపక్కల ఊళ్లకి శబ్దం ఎంత చేరుతుందో లెక్కగట్టి రిపోర్టు ఇవ్వాలి. వాళ్ల మేనేజరు మా ఆఫీసుకి స్వీట్ల డబ్బాతో వచ్చాడు. మేడమ్ డబ్బా తెరవకుండా మందుల షాపు కుర్రాళ్లకి పంపించేసి, అతను వెళ్లాక నాతో అన్నారు: "హైదరాబాదులో ఈ పని చేసేవాళ్లు ఇంతమంది ఉండగా మన దగ్గరికెందుకొచ్చాడు?"

"లోకల్ వాళ్లమని అయ్యుంటుంది మేడమ్."

"పెద్దావిడ, సంతకం పెట్టేస్తుందని అయ్యుండొచ్చు కూడా."

అయినా పని ఒప్పుకున్నారు. ఎవరో ఒకరు చేస్తారు, చేసేదేదో మనమే సరిగ్గా చేద్దాం అన్నారు. ఎయిర్‌పోర్ట్ శబ్దాన్ని లెక్కగట్టడానికి వేరే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అది ఇద్దరికీ కొత్తే. ఆ వయసులో ఆవిడ నా పక్కన కుర్చీ వేసుకుని నాతోపాటే నేర్చుకున్నారు. కొత్త ప్రాజెక్ట్ తెరిస్తే ముందు ఏమీ ఉండదు, తెల్లటి తెర. రన్‌వే రెండు కొసలూ ఎక్కడున్నాయో మనం చెప్పాలి. నేల ఎంత ఎత్తులో ఉంది, ఎండ ఎంత, గాలి ఎటు అని చెప్పాలి. ఏ రకం విమానాలు, ఎటు లేచి ఎటు తిరుగుతాయి, రోజుకి ఎన్నిసార్లు అని చెప్పాలి. చివరికి ఎవరి చెవి దగ్గర శబ్దం లెక్కగట్టాలో ఆ చోట్లన్నీ మ్యాప్ మీద చుక్కలుగా పెట్టాలి. అన్నీ ఇచ్చి నొక్కితే, రన్‌వే చుట్టూ రంగురంగుల వలయాలు వస్తాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మొదటిసారి వచ్చినప్పుడు నేను చప్పట్లు కొట్టాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "ఇది అబద్ధం చెప్పదు. మనం చెప్పిన అబద్ధానికి రంగులేసి చూపిస్తుంది. అంతే" అన్నారు. నిజంగానే నేను ఎత్తు అడుగుల్లో ఇవ్వాల్సిన చోట మీటర్లలో ఇచ్చాను. "మన నేల ఇంత పల్లమైతే కృష్ణ ఎప్పుడో మన మెట్లెక్కేది" అని ఆవిడే పట్టుకున్నారు.

స్కూలు వాళ్లిచ్చిన మ్యాప్‌లో రన్‌వేకి ఎడమవైపు ఖాళీ స్థలం అని ఉంది. విమానాలు లేచి ఎడమకి తిరిగి, ఆ ఖాళీ మీదుగా చుట్టు తిరిగి వస్తాయని రాశారు. మేడమ్ ఆ ఖాళీ మీద వేలు పెట్టి, "ఇక్కడ ఎస్సీ కాలనీ ఉంది, మనుషులున్నారు. చుక్క పెట్టు" అన్నారు. పెట్టాను.

ఆ సాయంత్రం మా బాబాయి వాకిట్లో కూర్చుని పేపరు చూస్తున్నాడు. మా పక్కిల్లే వాళ్లది. ఆ రన్‌వేకి కుడివైపున ఆయనకి పొలం ఉంది. విమానాలొస్తే రోడ్డొస్తుంది, రోడ్డొస్తే ప్లాట్లు వేయొచ్చని చూస్తున్నాడు. నన్ను చూసి, "ఏమ్మా, ఎక్కడిదాకా వచ్చింది మీ లెక్క?" అన్నాడు. కాలనీ దగ్గర చుక్క పెట్టామని చెప్పాను.

"పెట్టిస్తుంది. ఆవిడ పుట్టింది ఆ కాలనీలోనేగా. నీకు చెప్పలా?"

చెప్పలేదు. బస్సులో వాళ్లమ్మ గురించి అంత చెప్పిన మనిషి ఇది మాత్రం చెప్పలేదు. మర్నాడు ఆఫీసుకి వెళ్లి కంప్యూటర్ తెరిస్తే, నేను పెట్టిన చుక్క అక్కడ లేదు. రన్‌వే వైపు జరిగి ఉంది. దగ్గరికి జరిగితే శబ్దం ఎక్కువ చూపిస్తుంది. ఆవిడ రాగానే అడిగేశాను. "చుక్క మీరు జరిపారా మేడమ్?"

"జరిపా."

"అది మీ కాలనీ అని నాకు చెప్పలేదు."

ఆవిడ కూర్చోలేదు. చెప్పులు కూడా విప్పలేదు. "స్కూటీ తియ్" అన్నారు.

కాలనీ చివర, పాత మ్యాపులో లేని కొత్త వరస ఇళ్లున్నాయి. ఆ వరసలో అంగన్‌వాడీ. లోపల పసిపిల్లలు చాపల మీద నిద్రపోతున్నారు. అంగన్‌వాడీ టీచర్ "అక్కా" అంటూ ఎదురొచ్చింది. మేడమ్ ఆవిడని ఆగమని సైగ చేసి నా వైపు తిరిగారు. "నేనిక్కడే పుట్టా. చెప్తే నువ్వు జాలిపడి చుక్క పెడతావని చెప్పలా. జాలి చుక్కలు నాకొద్దు. నన్నూ నమ్మొద్దు. ఫోన్ తీసి ఈ గుమ్మం ఎక్కడుందో నువ్వే చూసుకో."

చూశాను. ఆవిడ జరపడం న్యాయమే, కానీ మరీ ముందుకి జరిపారు. గుమ్మం ఆవిడ పెట్టిన చోటికి కొంచెం వెనకే ఉంది. అదే చెప్పాను. "అయితే వెనక్కి జరుపు" అన్నారు, ఒక్క క్షణం కూడా ఆగకుండా. తిరిగొస్తుంటే స్కూటీ వెనక నుంచి, "నువ్వు అడిగావు చూడు, అది బాగుంది. అడక్కుండా మనసులో పెట్టుకుని ఉంటే నీతో పనిచేయలేకపోయేదాన్ని" అన్నారు.

చూసి తేల్చుకోవడం ఆవిడే మర్చిపోయిన రోజు ఒకటి వచ్చింది.

మేనేజరు ఇచ్చిన లెక్కలో రోజుకి ఎన్ని విమానాలు దిగుతాయో మాత్రమే ఉంది. మేడమ్ అతన్ని పిలిపించారు. "నేర్చుకునేవాళ్లు రన్‌వేని తాకి, ఆగకుండా మళ్లీ లేస్తారు కదండి. దిగడమే రాశారు, లేవడం రాయలేదు. అసలు చప్పుడంతా లేచేటప్పుడే కదా?" అని అడిగారు. అతను నవ్వాడు. "అదంతా టెక్నికల్ అండి. జనానికి అర్థం కాదు."

"నేను జనం కాదు కదండి. నాకు రాసివ్వండి."

రాసిచ్చాడు. లెక్క మార్చాం. కాలనీ మీద రంగు ముదిరింది. అయితే కొద్ది రోజులకి మళ్లీ తెరిచి చూస్తే పాత అంకెలే ఉన్నాయి. మేడమ్ ముఖం బిగుసుకుపోయింది.

"ఎవరు మార్చారు?"

"నేను కాదు మేడమ్."

"ఈ గదిలో ఉండేది ఇద్దరం. మీ బాబాయి ఏమన్నా అన్నారా?"

తల అడ్డంగా ఊపాను. ఆవిడ నా ముందే కంప్యూటర్ పాస్‌వర్డ్ మార్చేసి, ఇవాళ్టికి ఇంటికెళ్లమన్నారు. నేను ఆ రోజే కాదు, తర్వాత కూడా వెళ్లలేదు. అమ్మ అడిగితే ఒంట్లో బాలేదన్నాను. అమ్మ నమ్మలేదు, కానీ ఊరుకుంది.

ఒకరోజు ఆటో వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. మేడమ్ దిగారు. ఊళ్లో ఎవరింటికీ పిలవందే వెళ్లే మనిషి కాదు ఆవిడ. బాబాయి మా వరండాలోనే ఉన్నాడు. లేవలేదు. అమ్మ గబగబా కుర్చీ జరిపి కాఫీ పెట్టుకొచ్చింది. మేడమ్ ఆ గ్లాసు వంక ఒకసారి చూశారు. బాబాయి చేతిలో గ్లాసు వంక, నా చేతిలో గ్లాసు వంక కూడా చూశారు. మూడూ ఒకటేనని చూసుకున్నాకే తాగారు. అమ్మ అది గమనించి తల దించుకుంది.

"పాత కాపీ ఒకటి పెట్టుకున్నా, పోతుందేమోనని" అన్నారు మేడమ్, నన్ను చూస్తూ. "ఆ రోజు దాన్నే తెరిచి పనిచేశా. ఆ అంకెలు దాన్లోవి. నువ్వు ముట్టుకోలేదు. నిన్ను అనుమానించినందుకు కాదు నేనొచ్చింది. సరిగ్గా చూడకుండానే తేల్చేశా. అందుకొచ్చా."

బాబాయి పేపరు మడిచాడు. "అనుమానం ఒక జబ్బండి మేడమ్ గారూ."

"అవునండి. మీక్కూడా ఉంది కదా, నా మీద."

మేడమ్ లేచి, నా దగ్గరికొచ్చి కొత్త పాస్‌వర్డ్ చెవిలో చెప్పి ఆటో ఎక్కారు. మర్నాడు పనిలోకి వెళ్లాను.

ఆ రోజు ఆవిడ నాకు చెప్పిన పని ఇంతవరకూ ఎవరూ నాకు చెప్పనంత బరువైనది. విమానాలు తిరిగే చుట్టుని ఎడమకి కాకుండా కుడికి తిప్పితే ఎలా ఉంటుందో రెండో లెక్క వేయాలి. కుడివైపు ఇళ్లు లేవు, పొలాలే. "ఆ గీత నువ్వు గియ్యి" అన్నారు.

"మీరు గీయండి మేడమ్. అది మా బాబాయి పొలం మీదుగా పోతుంది."

"అందుకే నువ్వు. నేను గీస్తే నా కాలనీ కోసం గీశానంటారు. నువ్వు గీస్తే ఏమంటారో చెప్పు."

గీశాను. వంపు దగ్గర గీత తప్పితే చెరిపేసి మళ్లీ గీశాను. ఆవిడ పక్కనే కూర్చున్నారు, మౌసు మాత్రం ముట్టుకోలేదు. నొక్కితే, రంగులు కాలనీ మీద నుంచి జరిగి మా పచ్చటి పొలాల మీదికొచ్చాయి. బాబాయి ప్లాట్లు వేద్దామనుకున్న చోటు సరిగ్గా ముదురు రంగులో ఉంది.

ప్రజాభిప్రాయ సేకరణ సభ బడి ఆవరణలో షామియానా వేసి పెట్టారు. అధికారులు వచ్చారు. ఇటు కాలనీవాళ్లు, అటు రైతులు. నడుమ కుర్చీలు ఖాళీ. మేనేజరు లేచి ఉద్యోగాల గురించీ రోడ్ల గురించీ చక్కగా మాట్లాడటం మొదలుపెట్టాడు. మేడమ్ చెయ్యెత్తి అడిగారు: "మైకు లేకుండా చెప్తారా అండి? అంగన్‌వాడీలో టీచరుకి మైకు ఉండదు." అతను సరేనన్నాడు.

మేము స్పీకరు ఒకటి తెచ్చుకున్నాం. అలాంటి విమానాలు ఎగిరే ఇంకో చోటికి వెళ్లి ముందే చప్పుడు రికార్డు చేసుకొచ్చాం. అంగన్‌వాడీ గుమ్మం దగ్గర ఎంత వినపడుతుందని మా లెక్క చెప్పిందో, ఆ షామియానా కింద అంతే వినపడేలా సర్ది పెట్టారు మేడమ్. శబ్దం కొలిచే మీటరు అంగన్‌వాడీ టీచర్ చేతికిచ్చి, "నేను పెంచితే అరిచి చెప్పు" అన్నారు. తర్వాత జనం వైపు తిరిగారు.

"నన్ను నమ్మొద్దండి. నేను ఈ కాలనీలోనే పుట్టా. రెండో లెక్క వేసిన ఈ అమ్మాయి అటుపక్క పొలాల వాళ్ల పిల్ల. తననీ నమ్మొద్దు. ఊరికే వినండి."

మేనేజరు మాట్లాడుతుంటే విమానం వచ్చింది. అతను ఆగాడు. పోయింది, మళ్లీ మొదలుపెట్టాడు. వాక్యం పూర్తయ్యేలోపు మళ్లీ వచ్చింది. మొదట జనం నవ్వారు. తర్వాత నవ్వడం మానేశారు. కాలనీ ఆడవాళ్లలో ఎవరి ఒళ్లోనో చంటిపిల్ల ఏడుపు అందుకుంది. మేనేజరు ఏం చెప్తున్నాడో మర్చిపోయి కాయితాలు తిరగేశాడు. చివరికి రైతుల్లోంచే ఒకాయన లేచి, "ఇంక ఆపండమ్మా ఆ గోల!" అని అరిచాడు.

మేడమ్ ఆపారు. "ఇది స్పీకరు కాబట్టి ఆపగలిగానండి" అని కూర్చున్నారు.

కొన్ని నెలలకి అనుమతి వచ్చింది. చుట్టు కుడివైపుకే తిరగాలని, చీకటి పడ్డాక ఎగరకూడదని షరతులు పెట్టారు. అందరూ గెలిచామని కాలనీలో చిన్న సంబరం చేస్తే మేడమ్ వెళ్లలేదు. "రాసినట్టు జరుగుతుందో లేదో చూడాలిగా" అన్నారు. బాబాయి మాత్రం, "మా ఇంటి పిల్లే గీసింది మా నెత్తిన గీత" అని బంధువులందరికీ చెప్పి నాతో మాట్లాడటం మానేశాడు. గోడ అవతల ఆయన దగ్గు వినపడేది. మాట వినపడేది కాదు.

విమానాలు మొదలయ్యాక మేడమ్ మీటరు పట్టుకుని అంగన్‌వాడీ దగ్గరే కాదు, మా బాబాయి గట్టు మీదా నిలబడి కొలిచారు. ఎండలో గొడుగు వేసుకుని, విమానం పోయినప్పుడల్లా నాకు అంకె చెప్తూ. బాబాయి మోటారు షెడ్డు దగ్గర నుంచి చూస్తున్నాడు. వెళ్లేటప్పుడు ఆవిడే ఆయన దగ్గరికి వెళ్లారు. "మేం చెప్పినదానికంటే ఇక్కడ కొంచెం ఎక్కువే వస్తోందండి. మా లెక్కలో తేడా ఉంది. అదే రాసి పంపిస్తున్నా." బాబాయి చాలాసేపు ఆవిడ ముఖంలోకి చూశాడు, ఇందులో ఏం మెలిక ఉందోనని. మెలిక దొరకలేదనుకుంటా. "గొడుగు చినిగింది, చూసుకోండి" అని మాత్రం అన్నాడు. ఆవిడ రాసి పంపిన కాయితానికి ఇంతవరకూ జవాబు రాలేదు. ఇక అడగాల్సింది నేనే.

ఆవిడ పోయిన పొద్దున నేను గేటు దగ్గర నిలబడి ఆటో కోసం చూస్తుంటే బాబాయి బయటికొచ్చాడు. ఇన్నాళ్లకి నాతో మాట్లాడాడు.

"ఎలా పోయిందట?"

"నిద్రలోనే బాబాయ్. గుండె ఆగిపోయిందట."

"ఎవరన్నారు?"

"డాక్టర్."

బాబాయి లోపలికి వెళ్లి చొక్కా వేసుకొచ్చి బండి తీశాడు. "ఎక్కు" అన్నాడు.

కాలనీ వెనకే శ్మశానం. బాబాయి బయటే చింతచెట్టు కింద ఆగిపోతాడనుకున్నాను. చెప్పులు విడిచి నా వెనకే లోపలికొచ్చాడు. పాత విద్యార్థులు, కాలేజీవాళ్లు, కాలనీ అంతా ఉంది. ఆవిడ చెల్లెలి పిల్లలు పెట్టె దించారు. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టగానే రన్‌వే మీద నుంచి ఒక చిన్న విమానం లేచింది.

అందరూ తలలు వంచుకుని ఉన్నారు. నేను మాత్రం తల వంచలేకపోయాను. ఎటు తిరుగుతుందోనని దాన్నే చూస్తూ నిలబడ్డాను. అది నిదానంగా ఎత్తుకి వెళ్లింది, రెక్క ఒకవైపు వాల్చింది, కుడికి తిరిగి పొలాల మీదికి పోయింది. పాస్టరు గారు గొంతు పెంచాల్సిన పని పడలేదు. పెట్టె మీద పడుతున్న మట్టి చప్పుడు చివరి వరసలో ఉన్న మాకు కూడా వినపడింది.